ఒళ్లో ఇమిడే ఊరు

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు. తలుపు వేయాలంటే రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వేసేవాళ్లం. ముందు గదిలో మా కోడలు పడుకుని ఉండేది. గర్భసంచి మూతి ముందే వదులవుతోందని కుట్టు వేసి ఇంటికి పంపారు.

"మంచం దిగకూడదు," అంది డాక్టరమ్మ. "బాత్రూముకి తప్ప కాలు కింద పెట్టొద్దు. దిండ్లకి ఆనుకుని కూర్చోవచ్చు. బరువులు ఎత్తొద్దు. అన్నిటికంటే ముఖ్యం, కంగారు పడొద్దు."

నేను కర్టెన్లూ సోఫా కవర్లూ కుట్టి బతికే మనిషిని. జీవితమంతా కుట్లతోనే గడిచింది. కానీ ఒక్క కుట్టు మీద ఇంత భారం వేయడం నాకు కొత్త. ఉండబట్టలేక, "ఏ దారంతో వేశారమ్మా?" అని అడిగేశాను.

డాక్టరమ్మ నవ్వింది. "గట్టిదే వేశాంలెండి. మీరు భయపడకండి."

కోడలు నవ్వలేదు. అంతకు ముందు ఏడాది ఒకసారి కడుపు నిలవకుండా పోయింది. అప్పటి నుంచీ ఆ పిల్ల మాట్లాడటమే తగ్గించేసింది. మా ఇద్దరి మధ్యా గొడవలేం లేవు. గొడవ పడటానికి కూడా నాలుగు మాటలు కావాలి కదా. "భోంచేశారా అత్తయ్యా", "మందేసుకున్నావా అమ్మాయ్", అక్కడితో సరి. ఈసారి కాన్పుకని నేను మెత్తటి గుడ్డ తీసి కత్తెర పట్టుకుంటే, "ఇప్పుడేం కుట్టకండి అత్తయ్యా," అంది. ఆ గొంతు విన్నాక కత్తెర పక్కన పెట్టేశాను. ఇంట్లో ఎవరమూ బిడ్డ ఊసు ఎత్తేవాళ్లం కాదు. ఏదో మొండి జ్వరంతో ఆ పిల్ల మంచం పట్టిందన్నట్టు మసులుకునేవాళ్లం.

మావాడు ఏసీలు బాగుచేసే మెకానిక్. ఎండ ముదిరితే వాడి ఫోనుకి నోరు మూతపడదు. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని పోతే, దుమ్మూ చెమటా కలిసిన మొహంతో ఏ సాయంత్రానికో తిరిగొచ్చేవాడు. ఎక్కడో తీసి పారేసిన పాత ఏసీ ఒకటి పట్టుకొచ్చి, దానికి ప్రాణం పోసి పెళ్లాం గదిలో బిగించాడు. అది చల్లగానే ఉండేది కానీ, ఎవరో పళ్లు నూరుతున్నట్టు రోజంతా చప్పుడు చేసేది.

ఆ చప్పుడు కింద పడుకుని కోడలు ఫోను చూస్తూ ఉండేది. ఏం చూస్తోందో నాకు మొదట తెలియలేదు. ఒకరోజు పళ్లరసం ఇవ్వడానికి వెళ్లి, చూడకూడదనుకుంటూనే చూశాను. తనలాగే కుట్టు వేయించుకుని, అయినా నిలబెట్టుకోలేకపోయిన ఎవరెవరో ఆడవాళ్లు రాసుకున్న గోడు అది. ఒకటి అయిపోతే ఇంకొకటి. రోజంతా అదే పని. వారం తిరిగేసరికి కళ్ల కింద నల్లగా వచ్చింది. పరీక్షకి తీసుకెళితే బీపీ పెరిగిందన్నారు.

"ఆ ఫోను పక్కన పడెయ్యి ముందు," అంది డాక్టరమ్మ విసుగ్గా.

"మరి రోజంతా ఏం చెయ్యమంటారు మేడమ్? గోడ చూస్తూ కూర్చోనా?"

"పుస్తకాలు చదువు. ఏదైనా ఆట ఆడుకో. మనసు మళ్లడమే కావాలి."

తిరిగి వస్తున్నప్పుడు కారులో, కిటికీ వైపు మొహం పెట్టి, ఎవరితోనూ కాదన్నట్టు అంది: "కాలేజీలో ఉన్నప్పుడు ఊరు కట్టే ఆట ఒకటి ఆడేదాన్ని. బాగుండేది."

నేను ఆశ్చర్యపోలేదు. మా కోడలు పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో. ఏ వీధి కింద ఏ పైపు పోతోందో మ్యాపులు గీసే ఉద్యోగం. నడుస్తున్నప్పుడు కూడా నేల వైపే చూస్తూ నడిచేది.

ఆ మాట మావాడి చెవిన పడటమే ఆలస్యం, మర్నాడు సాయంత్రానికల్లా స్నేహితుడి దగ్గర లాప్‌టాప్ అరువు తెచ్చాడు. అబ్బో, దాన్ని చూడాలి. నల్లటి ఒళ్లు, మీటల కింద ఎర్రటి దీపాలు, ఇటుకంత చార్జరు. మంచం మీద పెడితే పరుపు కుంగింది.

"దీంట్లో ఆటల కోసమే వేరే గ్రాఫిక్స్ కార్డు ఉందమ్మా. ఏ ఆటైనా పరిగెడుతుంది," అన్నాడు గొప్పగా.

పరిగెత్తిన మాట నిజమే. ఆట మొదలుపెట్టిన కాసేపటికి దాని లోపలి ఫ్యాను కూడా పరుగందుకుంది. ఏసీ పళ్లు నూరడానికి తోడు ఇది ఊళ పెట్టడం. అడుగున చెయ్యి పెట్టి చూసి చురుక్కుమని వెనక్కి తీసుకున్నాను.

"దీంతో కర్టెన్ల అంచులు ఇస్త్రీ చేసుకోవచ్చురా. దీన్ని కడుపుతో ఉన్న పిల్ల ఒళ్లో పెడతావా?"

పక్కన బల్ల వేసి దాని మీద పెట్టాం. అప్పుడు కోడలు పక్కకి వంగాల్సి వచ్చింది. వంగితే నడుము లాగింది. ఇంతలో కరెంటు పోయింది. ఎండాకాలం కదా, రోజూ మధ్యాహ్నం ఉండే తంతే. చార్జరు లేకుండా ఆ మహాకాయం మేము ఒక పండు కోసి తినేలోపు గుడ్లు తేలేసింది.

"వద్దులెండి," అంది కోడలు. "తిరిగి ఇచ్చేయమనండి అత్తయ్యా." అని గోడ వైపు తిరిగి పడుకుంది. దిండు కింద నుంచి మళ్లీ ఫోను తీస్తున్న చెయ్యి కనిపించింది నాకు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావాణ్ని పట్టుకున్నాను. "చిన్నది, తేలికైంది, మన తాహతుకి తగింది ఒకటి కొనరా."

"ఈ ఎండల్లో నాకు ఊపిరి సలుపుతోందా అమ్మా? రోజుకి ఎన్ని మేడలు ఎక్కి దిగుతున్నానో తెలుసా? వానలు పడ్డాక చూద్దాం."

"వానలు పడేసరికి పిల్లో పిల్లాడో వచ్చేస్తే ఇంక ఆడుకునేదెప్పుడు?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. వాడు ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. తర్వాత ముందు గది తలుపు వైపు చూశాడు. తలుపు వేసే ఉంది.

మర్నాడు పొద్దున కోడలి మంచం పక్కన నిలబడి అన్నాను: "నేను వెళ్లి తెస్తాను. ఏం అడగాలో చెప్పు."

"మీరా?"

"ఏం, నాకు బేరం చేతకాదా? నేను కొన్న కుట్టు మిషన్లలో ఒక్కటైనా చెడిపోయిందా?"

కొంచెం లేచి దిండుకి ఆనుకుంది. "వేరే గ్రాఫిక్స్ కార్డు ఉన్నది వద్దత్తయ్యా. దానివల్లే ఆ బరువూ, వేడీ, ధరా. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ కలిసి ఉండేవి ఉంటాయి. పాతరకం అయితే లాభం లేదు. ఈ మధ్య వచ్చిన వాటిలో మంచివి ఉన్నాయి, నా ఆటకి అది చాలు. ఇంకోటి, మెమరీ రెండు ముక్కలుగా ఉండాలి. ఒక్క ముక్కే ఉంటే ఎంత మంచి గ్రాఫిక్సైనా కాళ్లీడుస్తుంది."

నాకు అర్థమైనంతలో అప్పజెప్పాను. "అంటే... లోపల లైనింగు వేరే వేయకుండా, గుడ్డే దళసరిగా ఉన్నది కావాలంటావు."

"అదే అత్తయ్యా! అచ్చం అదే!"

నవ్వింది. ఆ ఏడాదిలో ఆ పిల్ల పళ్లు నేను చూడటం అదే మొదలు.

పక్కింట్లో రిటైరైన నర్సమ్మ ఉండేది. ఆవిణ్ని కోడలికి తోడు కూర్చోబెట్టి, పని తెమిలిన మధ్యాహ్నాలు గొడుగు వేసుకుని దుకాణాలకి బయల్దేరేదాన్ని. అద్దాల షోరూములో మెడకి టై కట్టుకున్నాయన ఎదురొచ్చాడు.

"ఎవరికి మేడమ్? మనవడి చదువుకా?"

"కాదు. కోడలికి. ఆడుకోవడానికి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, మా ఇంటికొచ్చిన మహాకాయానికి తోబుట్టువుని చూపించాడు. వద్దన్నాను. అప్పుడు సన్నటి వెండిరంగుది తీశాడు. ఎత్తి చూస్తే చేతికి తేలిగ్గా ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. ప్రాణం లేచొచ్చింది.

"ఇందులో అన్ని ఆటలూ వెన్నలా నడుస్తాయి మేడమ్."

"మెమరీ ఒక ముక్కా, రెండా?"

ఆయన కనుక్కుంటానని లోపలికి వెళ్లి వచ్చాడు. ఒక్కటేనట. ఇంకొకటి పెట్టుకునే చోటు కూడా లేదట. "అయినా బానే నడుస్తుంది మేడమ్," అన్నాడు.

"అయితే ఆ ఆట పెట్టి చూపించండి."

"షోరూములో ఆటలు పెట్టనివ్వరు మేడమ్."

ఇంకో దుకాణంలో ఆట పెట్టారు. బొమ్మ కదిలింది కానీ, కీళ్లనొప్పుల మనిషి మెట్లెక్కినట్టు ఆగి ఆగి కదిలింది. వేరే చోట మంచిదే ఉంది, ధర వింటే కళ్లు తిరిగాయి. ఇంకోచోట, "ఆంటీ, ఆటలాడాలంటే వేరే కార్డు ఉండాల్సిందే" అని నాకు పాఠం చెప్పి పంపారు. చెప్పులరిగేలా తిరిగి వచ్చి, ప్రతి సాయంత్రం కోడలి మంచం పక్కన కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పేదాన్ని. టై కట్టుకున్నాయన నడక నడిచి చూపించేదాన్ని. ఆ పిల్ల పొట్ట పట్టుకుని, "నవ్వించకండి అత్తయ్యా, కుట్టు!" అనేది. లాప్‌టాప్ దొరకలేదు కానీ, ఆ వారంలోనే ఫోను చూడటం సగానికి సగం తగ్గింది. నాకప్పుడు ఆ సంగతి తట్టలేదు. నా ధ్యాసంతా సరుకు మీదే ఉంది.

అరువు తెచ్చింది తిరిగి ఇచ్చేయడానికి మావాడి స్నేహితుడి ఇంటికి వెళ్లినప్పుడు దారి దొరికింది. "షోరూములెందుకు పిన్నీ? బస్టాండు వెనక, మెట్ల కింద, 'కళ్లజోడు' అని పిలిచే ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అడగండి," అన్నాడు.

ఆయనకి ఆ పేరు ఎందుకొచ్చిందో చూడగానే తెలిసింది. ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తి మీద ఇంకొకటి. నిజంగానే మెట్ల కింద, నిలబడితే తల తగిలే చోట, విప్పి పడేసిన లాప్‌టాప్‌ల మధ్య కూర్చుని ఉన్నాడు. నేను కథంతా చెప్పబోయేలోగా తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏ ఆట?"

అన్ని దుకాణాలు తిరిగాను, ఆ మాట అడిగిన వాళ్లు లేరు. కిటికీ కొలత అడక్కుండా కర్టెన్ అమ్మేవాళ్లే అందరూ. పేరు చెప్పాను. కోడలి పరిస్థితి కూడా చెప్పాను. అప్పుడు ముక్కు మీది కళ్లజోడు తీసి, నెత్తి మీదిది పెట్టుకుని నన్ను చూశాడు.

"దానికి వేరే కార్డు దండగమ్మా. ఒక మాదిరి ఊరికి కలిసి ఉన్న గ్రాఫిక్సే సరిపోతుంది. ఒకటుంది చూపిస్తా." అర లోంచి బూడిదరంగుది తీశాడు. మూత మీద పెద్ద సొట్ట. "కొన్న వారానికే ఎవరో కింద పడేసి, మొహం మొత్తి నాకు ఇచ్చేశారు. లోపలంతా నిక్షేపం. సొట్ట ఉందని ఎవరూ కొనట్లేదు. మెమరీకి రెండో గూడు ఖాళీగా ఉంది. ఇంకో ముక్క వేస్తా."

"వేసి, ఆట పెట్టి, చార్జరు తీసేసి చూపించాలి," అన్నాను.

"అలాగే. కూర్చోండి, టీ తెప్పిస్తా."

కోడలికి వీడియో కాల్ చేశాను. ఆట తెరుచుకుంది. పచ్చటి మైదానం, మధ్యలో నది. "అత్తయ్యా, ఒక రోడ్డు వేయండి," అంది ఫోనులోంచి.

"నేనా?"

"ఊరికే చూస్తే తెలియదు. కట్టాలి, తిప్పాలి, పైనుంచి కిందికి దించాలి. అప్పుడు ఆగుతోందో లేదో తెలుస్తుంది."

కళ్లజోడు మౌసు నా చేతిలో పెట్టాడు. నేను వేసిన మొదటి రోడ్డు నదిలోకి పోయింది. రెండోది ముగ్గు గీసినట్టు మెలికలు తిరిగింది. ఫోనులో కోడలు, పక్కన నర్సమ్మ, ఇక్కడ కళ్లజోడు, ముగ్గురూ తలో సలహా. నాకు పంతం వచ్చింది. ఇళ్లు కట్టాను. కట్టగానే చిన్న చిన్న మనుషులు పెట్టెలు పట్టుకుని దిగి, ఆ ఇళ్లలోకి నడిచి వెళ్లిపోతుంటే నోరు వెళ్లబెట్టి చూశాను.

"ఆగుతోందా అత్తయ్యా?"

"ఏంటి?"

"లాప్‌టాప్!"

అప్పుడు గుర్తొచ్చింది నేను వచ్చిన పని. ఆగడం లేదు. గుడ్డ మీద కత్తెర పోయినట్టు సాఫీగా పోతోంది. దాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. అడుగున అరచెయ్యి పెట్టి, టీ తాగేసి, గ్లాసు పక్కన పెట్టి, ఇంకాసేపు అలాగే కూర్చున్నాను. గోరువెచ్చగా ఉంది, అంతే. ఫ్యాను చప్పుడు చెవి దగ్గర పెడితే కానీ వినిపించలేదు.

"ముందే చెబుతున్నా," అన్నాడు కళ్లజోడు. "ఊరు మరీ పెద్దదైతే మందగిస్తుంది. అప్పుడు ఆటలో నీడలూ, నీళ్ల మీద మెరుపులూ తగ్గించుకోవాలి."

"మాకు మరీ పెద్ద ఊరు అక్కర్లేదండీ," అంది కోడలు ఫోనులోంచి.

ధర దగ్గర, "బేరం లేదమ్మా," అన్నాడు.

"నేనూ నా దగ్గరికొచ్చిన వాళ్లతో ముందు అలాగే అంటాను," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి కొంత తగ్గించాడు. చెడిపోతే తనే చూస్తానని చెప్పి, మౌసు కూడా సంచిలో వేశాడు. నేను ఆ సంచిని గుండెలకి హత్తుకుని, గొడుగు తెరవడం కూడా మర్చిపోయి ఎండలో ఇంటికి నడిచాను.

ఆ తర్వాత రోజులు ఎలా పోయాయో చెప్పలేను. కోడలి ఒళ్లో పెట్టడానికి ఏటవాలుగా ఒక దిండు కుట్టాను. దాని మీద లాప్‌టాప్, లాప్‌టాప్‌లో ఊరు. నేను మొదట్లో గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. తర్వాత కుర్చీ వేసుకున్నాను. ఆ తర్వాత కుర్చీ మంచానికి ఆనింది. కర్టెన్ల అంచులు చేత్తో కుట్టే పని అక్కడికే తెచ్చుకుని, ఒక కన్ను సూది మీద, ఒక కన్ను ఊరి మీద పెట్టేదాన్ని.

"ముందు బజారు కట్టు. నది ఒడ్డున బాగుంటుంది," అనేదాన్ని.

"ముందు పైపులు అత్తయ్యా. నీళ్లు లేకుండా బజారేంటి?"

"నీకు పైపుల పిచ్చి."

"మీకు బజారు పిచ్చి."

ఒక సాయంత్రం మావాడు వచ్చేసరికి మేమిద్దరం బస్సు ఏ వీధిలోంచి పోవాలని గట్టిగా వాదించుకుంటున్నాం. గుమ్మంలో సంచి దింపి బిత్తరపోయాడు పాపం, ఇంట్లో ఏదో గొడవ జరుగుతోందనుకుని.

"ఏమైంది? ఏమైందమ్మా?"

"నువ్వే చెప్పరా. ముసలివాళ్లు ఆసుపత్రికి అంత దూరం నడిచి వెళ్తారా?"

"ఏ ముసలివాళ్లు?" అన్నాడు. సంగతి అర్థమయ్యాక నడుముకి చేతులు పెట్టుకున్నాడు. "ఇంతకీ నాకు భోజనం ఎవరు పెడతారు?"

"పొయ్యి మీదుంది," అన్నాం ఇద్దరం ఒక్కసారే.

పక్కింటి నర్సమ్మ మాత్రం మొదట్లో మూతి తిప్పింది. ఆరోజు ఫోనులో సలహాలిచ్చిందే కానీ, కడుపుతో ఉన్న పిల్లకి రోజంతా ఆటలేమిటంది. పరీక్షలో బీపీ మామూలుకి వచ్చిందని విన్నాక, మా ఊళ్లో ఆసుపత్రి చిన్నదైపోయిందని, ఇంకో వార్డు కట్టాలని సలహా ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆ వార్డులూ బజార్లూ కలిసి ఊరు పెద్దదైంది. కళ్లజోడు చెప్పినట్టే లాప్‌టాప్ కాస్త తడబడింది. కోడలు నీడలు తీసేసింది.

"మండుటెండలో నీడలు తీసేస్తావా? వాళ్లు మాడిపోరూ?" అన్నాను.

"వాళ్లకి ఎండ ఉండదత్తయ్యా. హాయిగా ఉంటారు," అంది.

ఎండలు బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి ఏసీ ఆగింది. కోడలు ఆడుతూ ఆడుతూ ఆగిపోయింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎంతకీ మాట వినిపించకపోతే తలెత్తాను. లాప్‌టాప్ పక్కకి పెట్టేసి, రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని ఉంది.

"అత్తయ్యా. కడుపు గట్టిపడుతోంది. మళ్లీ మళ్లీ."

నర్సమ్మని కేకేశాను. ఆవిడ వచ్చి చెయ్యి వేసి చూసి, వెంటనే అంబులెన్సుకి ఫోను చేసింది. మావాడికి చేస్తే ఎత్తలేదు. ఏ మేడ మీద ఉన్నాడో, ఏ ఏసీ విప్పుతున్నాడో.

ఆసుపత్రిలో కోడలి పొట్టకి బెల్టులు కట్టారు. పక్కన యంత్రం లోంచి గీతలు గీసిన కాగితం బయటికి వస్తోంది. లోపల బిడ్డ గుండె చప్పుడు, గుర్రం దౌడు తీస్తున్నట్టు, గదంతా వినిపిస్తోంది. ఇన్నాళ్లూ పేరెత్తని బిడ్డ మా ఇద్దరి మధ్యా అంత గట్టిగా చప్పుడు చేస్తుంటే ఎటు చూడాలో తోచలేదు. డాక్టరమ్మ వస్తానంది, ఇంకా రాలేదు. కోడలు పైకప్పు చూస్తోంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"మన ఊళ్లో..." అంది. గొంతు తడారిపోయి ఆగి, మళ్లీ అంది. "మన ఊళ్లో నీళ్ల ట్యాంకు సరిపోవట్లేదత్తయ్యా."

"ఇంకోటి కడదాం," అన్నాను.

"ఎక్కడ?"

"గుట్ట మీద. పైనుంచైతే నీళ్లు వాటంతటవే దిగుతాయి కదా."

"పంపు ఖర్చు తగ్గుతుంది."

"తగ్గుతుంది. కింద ఏదైనా తోట వేద్దాం."

"బడి వేద్దాం," అంది. "బడి లేదు మనకి. ఎన్ని ఇళ్లు కట్టాం, ఒక్క బడి కట్టలేదు."

"బడే వేద్దాం."

నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు. డాక్టరమ్మ వచ్చి పరీక్ష చేస్తున్నంతసేపూ వదల్లేదు. నేనూ వదిలించుకోలేదు.

"కుట్టు చెక్కు చెదరలేదు," అంది డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ. "ఒంట్లో నీళ్లు తగ్గాయి, అందుకే అలా గట్టిపడింది. నీళ్లు ఎన్ని తాగుతున్నావమ్మా రోజుకి?"

కోడలు తలదించుకుంది. బాత్రూముకి లేవాల్సి వస్తుందని, లేస్తే ఏమవుతుందోనని, నీళ్లు తాగడం మానేసిందట పిచ్చిపిల్ల.

"నీళ్ల ఆఫీసులో పనిచేస్తూ ఇదేం పనే?" అన్నాను. కోపమొచ్చి అన్నానో ఏడుపొచ్చి అన్నానో కానీ, ఆ పిల్లకి నవ్వొచ్చింది. యంత్రం మీద గీతలన్నీ నవ్వుకి చెదిరిపోతే నర్సు వచ్చి ఇద్దర్నీ మందలించింది. సెలైను సగం ఎక్కేసరికి కడుపు మెత్తబడింది. మావాడు నెత్తి నిండా దుమ్ముతో, ఒక చేతిలో స్క్రూడ్రైవరుతో పరిగెత్తుకొచ్చి, మేము నవ్వుతుండటం చూసి గుమ్మంలోనే గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు.

ఇంటికొచ్చిన మర్నాడు నేను నీళ్ల చెంబు పట్టుకుని గదిలోకి వెళ్లాను. గటగటా తాగేసి, ఖాళీ చెంబు నా చేతికిస్తూ అడిగింది.

"అత్తయ్యా, అప్పుడు మెత్తటి గుడ్డ ఏదో తీశారు కదా. అది చిన్న చొక్కాలకి పనికొస్తుందా?"

"పనికొస్తుంది," అన్నాను. చెంబు వంటింట్లో పెట్టి, వెనక గదిలోకి వెళ్లి మిషను మీద కప్పిన గుడ్డ తీశాను. సూదిలో దారం ఎక్కించడానికి ఆరోజు చాలాసేపు పట్టింది.

నెలలు నిండాక కుట్టు విప్పారు. ఇక ఏ క్షణమైనా నొప్పులు వస్తాయని సంచులు సర్దుకుని కూర్చున్నాం. రాలేదు. రోజులు పోయాయి. మొదటి వాన పడింది, రెండో వాన కూడా పడింది. ఇన్నాళ్లు ఆగు ఆగు అని అందరం బతిమాలామేమో, లోపలి బిడ్డ ఆ మాట ఒంటబట్టించుకున్నట్టుంది. "ఇప్పుడు రమ్మంటే రాదేంటే!" అని నర్సమ్మ పొట్టకి ఎదురుగా కూర్చుని తగువు పెట్టుకుంది.

కోడలు బడికి ప్రహరీ కడుతుండగా నొప్పులు మొదలయ్యాయి. "అత్తయ్యా, వస్తున్నట్టున్నాయి," అంది. కంగారు పడిందెవరయ్యా అంటే మావాడు. చెప్పులు ఒక్కోటి ఒక్కో జత వేసుకున్నాడు.

"సేవ్ చేశావా?" అని అడిగాను నేను.

"చేశానత్తయ్యా," అంది, పళ్లు బిగించి నవ్వుతూ.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తూకం చూసి డాక్టరమ్మ, "బొద్దుగా ఉంది, ఏం పెట్టారేంటి?" అంది. తల్లీ బిడ్డా క్షేమమని విన్నాక నేను ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. అంతే తెలుసు. తర్వాత మావాడు భుజం కుదిపి లేపాడు. "అమ్మా, నీ గురకకి పాప ఉలిక్కిపడుతోంది. వచ్చి ఎత్తుకో."

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకి డాక్టరమ్మ నడవమంది. వాన వెలిసిన ఒక సాయంత్రం కోడలు చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడింది. అన్ని నెలలు మంచం మీద ఉండి కాళ్లు సన్నబడ్డాయి. మావాడు తోడు వస్తానంటే వద్దంది. తడిసిన వీధిలో గోడ పట్టుకుని మొదలుపెట్టింది. నాలుగిళ్లు దాటాక గోడ వదిలేసింది. మూల తిరిగి కనబడకుండా పోయింది. నేను పాపని భుజాన వేసుకుని కిటికీ దగ్గరే నిలబడ్డాను. మావాడు గేటుకీ గుమ్మానికీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

అవతలి వీధిలోంచి చుట్టూ తిరిగి వచ్చింది. చెమట పట్టి, రొప్పుతూ, గేటు పట్టుకుని నిలబడింది. చెప్పుల నిండా బురద. మొహం వెలిగిపోతోంది.

"వచ్చి కూర్చో ఇంక," అన్నాడు మావాడు.

ఆ పిల్ల వాడి వైపు చూడలేదు. కిటికీలో నా వైపు చూసింది.

"అత్తయ్యా, ఇంకొక్క చుట్టు తిరిగొస్తా. పాపని చూస్తారా?"

"వెళ్లిరా," అన్నాను. "మేమిద్దరం ఇక్కడే ఉంటాం."